హిమజ అడగడం మరిచిన ప్రశ్న

కంప్యూటర్లు చదివే పిల్లని కొన్నాళ్లు మా టెంట్ హౌస్‌లో పనికి పెట్టుకోమని బెంజిమిన్ సారు వచ్చి అడిగినప్పుడు, ఈయన షాపు తప్పి వచ్చాడేమో అనుకున్నాను. వినుకొండ బస్టాండు వెనక సందులో నాది షామియానాల షాపు. పందిరి గుడ్డలు, ఇనప పైపులు, ప్లాస్టిక్ కుర్చీలు, పెళ్లివంటల గుండిగలు, సీరియల్ బల్బుల దండలు, వాటన్నిటి మధ్య నేను, మహమూదాని. మా ఆయన పోయాక షాపు అమ్మేస్తానని బజారంతా అనుకున్నారు. అమ్మలేదు సరికదా, ఇంకో పెద్ద పందిరి కొన్నాను. అలాంటి చోట కంప్యూటర్ పిల్లకి ఏం పని ఉంటుందని అడిగాను.

సారు ఊళ్లో జూనియర్ కాలేజీలో ఒకేషనల్ గ్రూపుకి పాఠాలు చెబుతాడు. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ ఉన్నట్టే అదీ ఒక గ్రూపు. అందులో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అని ఒక సబ్జెక్టు ఉందట. పుస్తకంలో చదివింది ఎక్కడైనా పనిచేసే చోటుకి వెళ్లి చేసి చూపించాలట, దానికి మార్కులట. వినుకొండలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎక్కడినుంచి వస్తాయి? నెట్ సెంటర్ల వాళ్లేమో జిరాక్సులు తీయడానికైతే పంపమన్నారట.

"జిరాక్సులు తీస్తే చదువు రాదు మహమూదమ్మా. నాకు గందరగోళంగా ఉండే పని కావాలి. మీ షాపంత గందరగోళం ఈ ఊళ్లో ఇంకెక్కడా లేదు," అన్నాడు సారు.

ఒళ్లు మండింది. కానీ ఆ మాటలో అబద్ధం లేదు. ఏ పందిరి ఏ ఊళ్లో ఉందో, ఏ గుండిగ ఎవరింట్లో ఉండిపోయిందో నా బుర్రలో తప్ప ఎక్కడా ఉండదు. నాకు జ్వరం వస్తే షాపుకీ జ్వరమే. సరే పంపండి అన్నాను.

మర్నాడే వచ్చింది హిమజ. నూజెండ్ల దగ్గర పల్లె వాళ్లది, రోజూ బస్సులో వస్తుంది. సన్నగా, పొడుగ్గా ఉంది. నుదుటి చుట్టూ, చెవుల పక్కన చిన్నచిన్న వెంట్రుకలు, ఊడిపోయిన జుట్టు మళ్లీ మొలుస్తున్నట్టు. అది పుష్యమాసం, పెళ్లిళ్లు ఉండవు కనుక నాకూ తీరికే. వచ్చిన పిల్ల కంప్యూటర్ ఎక్కడుందని అడగలేదు. స్టూలు లాక్కుని నా పక్కన కూచుని, ఫోన్ రాగానే మొదట ఏం అడుగుతావత్తా అంది. ఆ రోజుతో మొదలు, చెవిలో జోరీగలాగా ప్రశ్నలే. వాన వస్తే ఏం చేస్తారు, కుర్చీలు తగ్గితే ఎవరిని అడుగుతారు, పెళ్లి వాయిదా పడితే ఎవరికి ముందు చెబుతారు, కుర్రాళ్లకి పని ఎలా తెలుస్తుంది. నాలుగో రోజుకో ఐదో రోజుకో నాకు విసుగొచ్చి, నువ్వు చదివేది కంప్యూటరా ప్లీడరీనా అని అడిగేశాను.

ఆ పిల్ల నొచ్చుకోలేదు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో కంప్యూటర్ ముందు కూచుని రాయడం చివర్లో వచ్చే పని అని చెప్పింది. ముందు అడగాలట. విన్నదాన్ని కాగితం మీద బొమ్మగా గీయాలట. గీసింది తీసుకెళ్లి మళ్లీ వాళ్లకే చూపించాలట. ఆ తర్వాతే రాయడం. రాసినదాన్ని మెచ్చుకుంటూ కూచోకుండా, ఎక్కడ చెడుతుందో మనమే చెడగొట్టి చూసుకోవాలట. ఇంత ఓపికైన చదువు ఇంటర్‌లో ఉంటుందని నాకు తెలియదు. మా రోజుల్లో బట్టీ పట్టడమే చదువు.

పాత క్యాలెండర్ కాగితాల వెనక ఆమె నా షాపుని గీసింది. డబ్బాలు, బాణాలు. ఫోన్ ఒక డబ్బా, గోడౌన్ ఒక డబ్బా, మనోజ్ నడిపే ట్రాలీ ఆటో ఒక డబ్బా. గుండిగలు పెళ్లింటి నుంచి నేరుగా గోడౌన్‌కి వస్తున్నట్టు బాణం వేసింది. మధ్యలో తోముడు ఏదే, పాచి గిన్నెలు లోపల పెట్టుకుంటామా అన్నాను. పెద్ద నిధి దొరికినట్టు సంబరపడి ఇంకో డబ్బా గీసింది. ఇన్నేళ్ల నా చాకిరీ అంతా ఒక కాగితం మీద పట్టడం చూస్తే నాకు తమాషాగానూ ఉంది, కాస్త ముచ్చటగానూ ఉంది.

ఆ పిల్ల సంగతి నాకు తెలిసింది వాళ్ల నాయనమ్మ వీరరాఘవమ్మ గారి వల్ల. మనవరాలు ఎలాంటి చోట పనిచేస్తుందో చూద్దామని ఒకరోజు ఆమె కూడా బస్సెక్కి వచ్చింది. నేనిచ్చిన టీ తాగి, కుర్చీల గుట్టల మధ్య కూచుని కథంతా చెప్పింది. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయని తండ్రి కోటేశ్వరరావు హిమజని గుంటూరు అవతల ఎక్కడో రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో వేశాడు. పొద్దు పొడవకముందు మొదలైన చదువు పడుకునేదాకా సాగేది. ప్రతి ఆదివారం ఇంటికి ఫోన్ చేయనిచ్చేవారు. ప్రతి ఆదివారం ఆ పిల్ల, బాగున్నాను నాన్నా, అనేది. ఆయనా నమ్మాడు, ఎందుకు నమ్మడు? దసరా దగ్గర పడుతుండగా, వచ్చి తీసుకుపొమ్మని అక్కడినుంచే కబురొచ్చింది. తండ్రి వెళ్లేసరికి పిల్ల నిలబడలేకుండా ఉంది. తిండి సరిగా తినక ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. జుట్టు పట్టుకుంటే చేతికే వస్తోంది. ఎత్తుకుని బండెక్కించాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి కోలుకున్నాక, మళ్లీ అక్కడికి పోనని హిమజ ఒక్క మాటే అంది. ఎందుకు పోవో చెప్పమంటే చెప్పలేకపోయింది. కోటేశ్వరరావు ఊళ్లో నలుగురి పంచాయితీలు తీర్చే మనిషి, ఎన్నికలొస్తే ఆయన వాకిట్లోనే సందడి. కూతురు హాస్టల్ నుంచి తిరిగొచ్చిందంటే తలకొట్టేసినట్టయింది. ఒకేషనల్ గ్రూపు అంటే ఎక్కడా సీటు రానోళ్లు చదివేది అని ఆయన లెక్క. తల్లీ నాయనమ్మా బతిమాలగా చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద.

"పెట్టె విప్పబాకు, అట్టాగే ఉండనీ," అన్నాడట కూతురితో. "ఈ ఏడాదిలో ఆ చదువుతో నలుగురికి పనికొచ్చేది ఏదన్నా ఒకటి చేసి చూపిచ్చు. లేకపోతే ఏడాది పోయినా సరే, జూన్‌లో ఆ పెట్టె ఎత్తుకొని మళ్ళీ ఆడికే."

హాస్టల్ నుంచి తెచ్చిన నీలం ట్రంకు పెట్టె. పేరు, రూమ్ నంబరు తెల్ల రంగుతో రాసి ఉంటాయట. తాళం కూడా తీయకుండా హిమజ మంచం కిందే ఉందట. రాత్రి కాలు దించితే పిల్ల కాలికి తగులుతుందమ్మా అని ముసలామె కళ్లొత్తుకుంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఎన్ని ప్రశ్నలడిగినా విసుక్కోలేదు.

జనవరి అయిపోయేసరికి ప్రోగ్రాం తయారైంది. అందులో పెద్ద మాయలేం లేవు. బుకింగ్ రాగానే ఊరు, ఇంటిపేరు, తేదీ, టైము, ఏ సామాను అన్నది నా ఫోన్లో నింపాలి. పెళ్లయితే ముహూర్తానికి ముందు సాయంత్రానికల్లా పందిరి నిలబడేలా ఆ పొద్దున్నే కుర్రాళ్లకి మెసేజి పోతుంది. ముహూర్తం దాటాక వచ్చే మధ్యాహ్నం విప్పమని ఇంకో మెసేజి. ఆ పందిరి మళ్లీ ఎప్పుడు ఖాళీనో కూడా అదే చెబుతుంది. బెంజిమిన్ సారు వచ్చి గంటలకొద్దీ దాన్ని చెడగొట్టడానికి చూశాడు. లేని తేదీలు వేశాడు, ఒకే పందిరి ఇద్దరికి ఇవ్వబోయాడు. అది కాదు పొమ్మంది. ఆ నెలంతా మాకు వచ్చినవి పెద్దకర్మలు, పార్టీ మీటింగులు, ఒకటో రెండో వలీమాలు, అంటే మా వాళ్ల పెళ్లి విందులు. అన్నీ పగటివో సాయంత్రానివో. ఒక్కదానికీ తేడా రాలేదు.

మాఘమాసం వచ్చింది, పెళ్లిళ్లు మొదలయ్యాయి. కోటేశ్వరరావన్న స్వయంగా వాళ్ల ఊరి పెద్దమనిషి గోపాలరావు గారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన కూతురి పెళ్లి. ఏడో తారీకు శుక్రవారం రాత్రి ఒంటిగంట నలభై నిమిషాలకి ముహూర్తం. హిమజ ఫోన్లో నింపింది. తేదీ ఏడు, టైము ఒంటిగంట నలభై. నేనూ చూశాను, గోపాలరావు గారూ చూశాడు, తండ్రీ చూశాడు. ఏడో తారీకు, ఒంటిగంట నలభై. ఏం తప్పుంది? మా అమ్మాయి చేసిన ప్రోగ్రాంలో మొదటి పెళ్లి నీ కూతురిదే అని కోటేశ్వరరావన్న ఆయనకి చెబుతుంటే, హిమజ తల వంచుకుని బాణాలు గీస్తోంది. నూజెండ్ల హోటల్లో టీ తాగుతూ కూడా ఆ మాటే పదిమందికి చెప్పాడని తర్వాత విన్నాను. ఆ పెళ్లి బాగా జరిగితే పెట్టె మంచం కింద నుంచి బయటికొస్తుంది. ఆ మాట ఎవరం పైకి అనుకోలేదు, అందరికీ తెలుసు.

ఆ వారమే మాచర్లలో మా అమ్మాయికి పురుడు వచ్చింది. నేను వెళ్లక తప్పదు. పెళ్లిళ్ల సీజన్లో షాపు వదిలి కదలడం నా జన్మలో అదే మొదటిసారి. ప్రోగ్రాం ఉంది, హిమజ ఉంది, మనోజ్ ఉన్నాడు అనుకుని బస్సెక్కాను. అక్కడ రోజూ వంద సార్లు ఫోన్ చూసుకునేదాన్ని, అదే వేరే సంగతి.

ఆరో తారీకు గురువారం పొద్దున. ఇక్కడినుంచి జరిగింది వీరరాఘవమ్మ గారు చెప్పగా విన్నది. ఆ రోజు ఇంట్లో హిమజ పుట్టినరోజు. పెరట్లో పీట మీద కూచోబెట్టి నాయనమ్మ తలకి నూనె పెడుతోంది. ఏటా ఆ ఇంట్లో ఇదొక తగువట. బళ్లో, ఆధార్‌లో హిమజ పుట్టిన తేదీ ఏడు. ఇంట్లో మాత్రం ఆరో తారీకునే తలంటు, పాయసం. రెండు రోజులు పండగేగా అని ఆ పిల్లా ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ పొద్దున కూడా ఊరికే, మాటకి మాటగా, నా పుట్టినరోజు రేపు కదా నాయనమ్మా అంది.

"నువ్వు పుట్టింది ఆరో తారీకు రాత్రి రెండున్నరకి," అంది ముసలామె. "కోడి కుయ్యలా, తెల్లారలా. తెల్లారకుండానే ఏడో తారీకు ఏడనించి వచ్చుద్ది? ఆ ఆస్పత్రోళ్లు రాసుకుంటే రాసుకోనీ."

హిమజ నవ్వబోయి ఆగిపోయిందట. గోపాలరావు తాత వాళ్ల పెళ్లి ఏడో తారీకు రాత్రి ఒంటిగంట నలభై అంటే ఎప్పుడని మెల్లగా అడిగింది. ఏడు తెల్లారి, పొద్దుగూకి, ఆ రాత్రి అని నాయనమ్మ చెప్పింది. అందరికీ తెలిసిందే కదా, ఇందులో అడగడానికేముంది అనుకుందట. ఈలోగా పిల్ల పీట మీద నుంచి లేచి, నూనె మెడ మీదికి కారుతుండగా ఫోన్ కోసం లోపలికి పరుగెత్తింది.

నేను మనవరాలిని ఒళ్లో వేసుకుని ఉన్నాను. ముందు హిమజ ఫోన్లో చెప్పేది నాకు ఎక్కలేదు. శుక్రవారం రాత్రే కదే, అట్టాగే రాసుందిగా అన్నాను.

"మనకి శుక్రవారం రాత్రి అత్తా," అంది హిమజ. "ఫోన్‌కి అర్ధరాత్రితో తారీకు మారుద్ది. ఏడో తారీకు ఒంటిగంట నలభై అంటే దానికి ఈ రాత్రే. పెళ్లి రేపు పొద్దునకి అయిపోద్దని అనుకుంటంది. మధ్యాహ్నం విప్పమని మనోజన్నకి మెసేజి పోద్ది."

అప్పటికి నాకు ఎక్కింది. పందిరి ఒకరోజు ముందు పోవడం వల్ల ఎవరికీ నష్టం లేదు. పల్లెల్లో ఒకరోజు ముందే వేయించుకునేవాళ్లు బోలెడుమంది. కనుక ఎవరూ అనుమానించరు. శుక్రవారం మధ్యాహ్నం, చుట్టాలంతా దిగి, ఆ పందిట్లో విస్తళ్లు వేసే వేళకి మా కుర్రాళ్లు వెళ్లి తాళ్లు విప్పడం మొదలుపెడతారు. గోపాలరావు గారి పరువు, తీసుకొచ్చిన కోటేశ్వరరావన్న పరువు, నా షాపు పేరు మూడూ ఆ పందిరితోపాటే కూలతాయి. అంతకన్నా ముందు ఆ పిల్ల పెట్టె.

మనోజ్‌కి ఫోన్ చేశాను. తెల్లవారుతూనే మెసేజి వచ్చిందని అప్పటికే నూజెండ్ల దాటి, హిమజ వాళ్ల ఊళ్లో పైపులు దించుతున్నాడు. వేసెయ్యి, కానీ నేను నోటితో చెప్పేదాకా ఒక్క తాడు ముట్టుకోవద్దని చెప్పాను. ఊపిరి పీల్చుకున్నాను. పెళ్లి గండం గడిచింది. ఇంక మిగిలిందొక్కటే. శుక్రవారం రాత్రికి పెద్ద పందిరి ఖాళీ అని ప్రోగ్రాం చెప్పిందని, ఆ సాయంత్రం ప్రార్థన కూటానికి అదే పందిరిని ఇచ్చేశాం. ఎవరి కూటం? బెంజిమిన్ సారు వాళ్ల చర్చిదే. సీజన్లో ఇంకో టెంట్ హౌస్‌లో గుడ్డ దొరకడం కల్ల.

హిమజకి మళ్లీ ఫోన్ చేసి చెప్పాను, ఇంక ఈ సంగతి ఎవరితోనూ అనవద్దని. పందిరి కదలదు, మీ నాన్నకి తెలియాల్సిన పని లేదు, సారుకి గుడ్డ చిరిగిందని ఏదో ఒకటి నేను చెబుతాను అన్నాను. నా ఉద్దేశం ఆ పిల్లని కాపాడడమే. లేదత్తా చెప్పాలి, అని హిమజ పెట్టేసింది. నాకు కోపమూ వచ్చింది, భయమూ వేసింది. మాచర్లలో కూచుని నేను చేయగలిగింది ఏమీ లేదు.

కోటేశ్వరరావన్న ఊరి బయట కళ్లంలో ఉన్నాడు. మిరపకాయలు ఆరబోసి, పారతో తిరగేస్తున్నాడు. అప్పుడే గోపాలరావు గారు ఫోన్ చేశాడు. ఒకరోజు ముందే వచ్చి పందిరి వేశారు, మీ అమ్మాయి ప్రోగ్రాం బ్రహ్మాండంగా ఉంది అని పొగిడాడట. ఆయన మొహం ఇంకా ఆ సంతోషంతోనే ఉండగా హిమజ వెళ్లి నిలబడింది. తలంతా నూనె, చున్నీ అంతా నూనె. వెనకాలే తువ్వాలు పట్టుకుని ముసలామె.

"నాన్నా, నా ప్రోగ్రాంలో తప్పుంది," అంది. ఏం తప్పో, ఏం జరగబోయిందో, ఎలా ఆపారో మొత్తం చెప్పింది. సారు వాళ్ల కూటానికి పందిరి లేకుండా పోయిన సంగతి కూడా దాచలేదు.

ఆయన పార ఆపాడు. ఆగిపోయిందిగా, మరి నాకెందుకు చెబుతున్నావు అని అడిగాడు.

"తప్పు తెలిశాక వాడేవాళ్లకి చెప్పాలని మా పాఠంలో ఉంది. గోపాలరావు తాత నీ మాట మీద వచ్చాడు. అందుకని ముందు నీకు చెప్తన్నా."

ఆయన మళ్లీ పార తీసుకుని కాసేపు కాయలు తిరగేశాడట. ఇంక పెట్టె అంటాడు, ఇప్పుడంటాడు అని ముసలామె చూస్తోంది. ఆయన పార కింద పెట్టి, కూతురి కేసి చూడకుండానే అన్నాడు.

"ఆ హాస్టల్లో ఉన్నన్నాళ్లూ ఆదివారం ఆదివారం బాగున్నా నాన్నా అన్నావు. ఒక్కసారన్నా బాగోలేదని చెప్పావా? నేను నమ్మానమ్మా. నిన్ను ఎత్తుకొని బండెక్కిచ్చిందాకా నాకు తెలవదు. ఇయ్యాల ఎవరూ అడక్కముందే వచ్చి చెప్పావు. ఎవురు నేర్పారో గాని, నాకదే చాలు."

ఈ మాట చెప్పేటప్పుడు వీరరాఘవమ్మ గారు ఏడ్చింది, వినేటప్పుడు నేనూ ఏడ్చాను. ఎందుకు దాచుకోవాలి? హిమజ మాత్రం అప్పుడు ఏడవలేదట. నాన్న మొహం చూస్తూ నిలబడిపోయిందట. నూనె కళ్లలోకి కారుతుంటే నాయనమ్మే తుడిచింది.

తర్వాత పని కోటేశ్వరరావన్న చేతుల్లోకి తీసుకున్నాడు. ముందు గోపాలరావు గారి ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన నవ్వి, పందిరి ఉంది కదయ్యా అని కొట్టిపారేశాడు. శుక్రవారం పొద్దున్నే అన్న తన కళ్లంలో మిరపకాయల మీద కప్పే పట్టాలన్నీ చుట్టి, పక్క కళ్లాల వాళ్లవి కూడా అడిగి తీసుకుని, ట్రాక్టరు మీద వినుకొండ చర్చి ఆవరణకి తెచ్చాడు. మా చిన్న పందిళ్ల పైపులు తీసుకుని, తన మనుషుల చేతే కట్టించాడు. మధ్యాహ్నానికి నీడ పడింది. పట్టాలకి పట్టిన మిరప ఘాటు మాత్రం వదల్లేదు. ఆ సాయంత్రం కూటంలో పాటలు సగం, తుమ్ములు సగం అని బెంజిమిన్ సారు చెబితే నవ్వలేక చచ్చాను. పాస్టరు గారు ఆశీర్వాదం చెప్పడానికి మూడుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చిందట.

సారుకి కోపం రాలేదు. "తప్పు నీ ఒక్కదానిదే కాదు, నేనూ దాన్ని పరీక్షించాను," అన్నాడు హిమజతో. "మా చర్చిలో కొత్త సంవత్సరం అర్ధరాత్రి గంట కొట్టగానే వస్తుంది. నాకు రోజు అక్కడే మారుద్ది. ఇంకో చోట మారుద్దని నా బుర్రకి తట్టనే లేదు. రిపోర్టులో మొదటి పేజీలో ఈ తప్పే రాయి."

శుక్రవారం రాత్రి, అదే తెల్లవారితే శనివారం, గోపాలరావు గారి కూతురి పెళ్లి మా పెద్ద పందిట్లో సలక్షణంగా జరిగింది. శనివారం మధ్యాహ్నం పందిరి విప్పామని మనోజ్ ఫోన్ చేశాక గానీ నాకు అన్నం సహించలేదు. అంతవరకూ ఎంత బిగబట్టుకుని ఉన్నానో అప్పుడు తెలిసింది. మా అమ్మాయి నన్ను చూసి, పురుడు నాకా నీకా అంది.

మాచర్ల నుంచి తిరిగొచ్చేసరికి హిమజ ప్రోగ్రాం సరిచేసి కూచుంది. శుభలేఖల్లో "తెల్లవారితే శనివారం" అని ఎప్పటినుంచో వేస్తూనే ఉన్నారు. మేం బుకింగులు నోటిమాట మీదే తీసుకుంటాం, శుభలేఖ చేతికొచ్చేది ఎప్పటికో. ఇప్పుడు రాత్రి పని ఏదైనా నింపగానే ప్రోగ్రాం ఒక ప్రశ్న అడుగుతుంది, ఈ రాత్రి తెల్లవారితే ఏ వారమని. జవాబు చెప్పకపోతే ముందుకి కదలదు. నేను ఆమె పక్కన కూచుని, నీ లెక్క ఇంకా పూర్తి కాలేదు అన్నాను. మాకు పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళ కాగానే రోజు మారుతుంది. నా మనవరాలు బుధవారం పొద్దుగూకాక పుట్టింది. ఆస్పత్రి వాళ్లు బుధవారమని రాశారు, మా ఇంట్లో బేస్తవారం అంటాం. హిమజ పెన్ను పట్టుకుని నోరు తెరిచి విన్నది. ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తా అని అడిగింది. నువ్వు అడగలేదుగా అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ పిల్ల అంత గట్టిగా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

నాలుగు రోజుల తర్వాత కోటేశ్వరరావన్న మోటారు సైకిల్ షాపు ముందు ఆగింది. వెనక సీటు మీద తాళ్లతో కట్టిన నీలం ట్రంకు పెట్టె. హిమజ ఎవరో కస్టమర్‌తో ఫోన్లో ఉంది, రాత్రి తెల్లవారితే ఏ వారమండీ అని అడుగుతోంది. పెట్టెని చూసి మాట మధ్యలో ఆగిపోయింది. ఆయన ఇద్దరి కేసీ చూడకుండా తాళ్లు విప్పి, పెట్టె లోపలికి తెచ్చి నా బల్ల పక్కన పెట్టాడు. తాళం లేదు. పేరు, రూమ్ నంబరు గోకేసి ఉన్నాయి.

"సీరియల్ దండలు ఎలకలు కొరకతన్నయ్యని మా అమ్మ చెప్పింది," అన్నాడు నాతో. "దీంట్లో పెట్టుకోమ్మా. మా ఇంట్లో దీనికి పనిలేదు."

టీ తాగి వెళ్లమని అనడం కూడా మరిచిపోయాను. ఆయన బయటికి వెళ్లి బండెక్కి, స్టార్ట్ చేయబోయి కూతురి వైపు తిరిగాడు.

"సాయంత్రం బస్సు తప్పిపోతే ఫోన్ చెయ్యి," అన్నాడు. "బాగున్నా నాన్నా అని కాదు. బస్సు తప్పిపోయింది, వచ్చి తీసుకుపో అని చెప్పు."

సరే నాన్నా అంది హిమజ. బండి సందు తిరిగేదాకా చూసి, ఫోన్లో ఇంకా ఎదురుచూస్తున్న కస్టమర్‌ని మళ్లీ అడిగింది, ఏ వారమన్నారండీ అని. అది నింపి ఫోన్ పక్కన పెట్టి, పెట్టె మూత తీసి, బల్బుల దండలు ఒక్కొక్కటే చుట్టి అందులో సర్దడం మొదలుపెట్టింది.